ఫ్లాప్ టాక్ వచ్చిన గేమ్‌ను ఇష్టంగా ఆడటం ఎలా

థియేటర్లో పట్టుమని వారం ఆడని సినిమాను టీవీలో వచ్చినప్పుడల్లా అన్నం ప్లేటు పట్టుకుని మరీ చూసేస్తాం. గేముల మీద మాత్రం ఆ దయ చూపించం. స్టోర్ పేజీలో "మిక్స్‌డ్" అని కనపడగానే పేజీ మూసేస్తాం. అసలు రెండో ఛాన్స్ ఇవ్వాల్సింది గేమ్‌కే. సినిమా రిలీజైన రోజు ఎలా ఉందో పదేళ్ల తర్వాతా అలాగే ఉంటుంది. గేమ్ మీద ప్యాచ్ (లోపాలు సరిచేసే అప్‌డేట్) తర్వాత ప్యాచ్ పడి చివరికి వేరే సరుకైపోతుంది. రివ్యూ మాత్రం రాసిన రోజు దగ్గరే ఆగిపోతుంది.

అలాగని తిట్లు తిన్న ప్రతి గేమూ మట్టిలో మాణిక్యం కాదు. కొన్ని నిజంగానే చెత్త. కాబట్టి డబ్బు పెట్టే ముందు చేయాల్సిన పని ఒకటుంది.

ఎందుకు తిట్టారో ముందు తేల్చుకోండి

తిట్లు మూడు రకాలు. గేమ్ సరిగ్గా నడవట్లేదన్నవి కొన్ని, ఆడే తీరు నచ్చలేదన్నవి కొన్ని, ఆటతో సంబంధం లేని గొడవల మీద వచ్చినవి కొన్ని. మొదటి రకానికి ప్యాచులు, సెట్టింగ్స్ మందు. రెండో రకానికి మీ ఆట మార్చుకోవడం మందు. మూడోదాన్ని చదివి వదిలేయొచ్చు.

పీసీ గేములు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో ఇది తేల్చడానికి పది నిమిషాలు చాలు. గేమ్ పేజీలో కిందికి వెళ్తే రివ్యూల గ్రాఫ్ ఉంటుంది. ఎర్ర (నెగెటివ్) గీతలు రిలీజ్ నెలలోనే గుట్టగా పడి తర్వాత నీలం (పాజిటివ్) పెరిగితే, గేమ్‌ను బాగుచేశారని అర్థం. మధ్యలో ఎక్కడో రెండు మూడు రోజులు మాత్రమే ఎర్రగా ఎగసి ఆగిపోతే అది మూడో రకం గొడవ. 2024 మేలో హెల్‌డైవర్స్ 2కి ఇదే జరిగింది. పీసీలో ఆడేవాళ్లు కూడా ప్లేస్టేషన్ అకౌంట్ లింక్ చేయాల్సిందే అని సోనీ ప్రకటించగానే లక్షల్లో నెగెటివ్ రివ్యూలు పడ్డాయి. కొద్ది రోజుల్లోనే సోనీ వెనక్కి తగ్గింది. ఆ తిట్లకు గేమ్ ఆడే తీరుతో సంబంధం లేదు. ఇలాంటి రోజులను స్కోరు లెక్కలోంచి తీసేసే ఏర్పాటు స్టీమ్‌లో 2019 నుంచి ఉంది గానీ, ప్రతి గొడవకూ దాన్ని వాడరు. అందుకే గ్రాఫ్ మీరే చూసుకోవడం మేలు.

తర్వాత ఫిల్టర్‌లో నెగెటివ్ మాత్రమే పెట్టి, ఈ మధ్య రాసినవాటిలో ఓ పదిహేను చదవండి. పక్కనే ఎన్ని గంటలు ఆడారో కనిపిస్తుంది. అరగంట ఆడి తిట్టినవాడు గేమ్ తెరుచుకోలేదనో, లాగ్ కొడుతోందనో చెబుతున్నాడు. అరవై గంటలు ఆడి తిట్టినవాడు ఎండింగ్ మీద అలిగాడు. రెండోవాడు తిడుతూనే మీకు రికమెండ్ చేస్తున్నట్టు లెక్క.

క్రిటిక్‌ల రివ్యూ చదివేటప్పుడు ఇంకో సంగతి గుర్తుంచుకోండి. నలభై గంటల గేమ్‌ను వాళ్లు రిలీజ్ లోపు కొద్ది రోజుల్లో పూర్తిచేయాలి. చేసిన పనే మళ్లీ చేయించే ఓపెన్ వరల్డ్ గేములు ఆ తొందరలో మొహం మొత్తుతాయి. మ్యాడ్ మ్యాక్స్‌నే తీసుకోండి. 2015 సెప్టెంబర్ 1న, మెటల్ గేర్ సాలిడ్ 5 వచ్చిన రోజే వచ్చి దాని నీడలో పడిపోయింది. అన్ని క్యాంపులూ ఒకేలా ఉన్నాయన్నది దాని మీద ప్రధాన ఫిర్యాదు, అది నిజమే. రోజుకు ఐదు గంటలు ఆడితే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. రోజుకు నలభై నిమిషాలు, ఒక క్యాంపు, ఒక కాన్వాయ్ అనుకుని ఆపేయండి. ఇసుకలో బండి తోలడం, ఎదుటివాడి కారు డోరు హార్పూన్‌తో పీకడం నెల తర్వాత కూడా విసుగు పుట్టించవు. కోట చేతికొచ్చాక ముందు క్లీనప్ క్రూను కట్టుకోండి. పగలగొట్టిన బండ్ల తుక్కును దిగి ఏరుకోనక్కర్లేకుండా వాళ్లే తెచ్చిపెడతారు, సగం విసుగు అక్కడే తగ్గుతుంది.

ఏ వెర్షన్ అన్నది చూసుకోండి

సైబర్‌పంక్ 2077 చరిత్ర అందరికీ తెలిసిందే. 2020 డిసెంబర్ 10న వచ్చింది, వారం తిరిగేసరికి సోనీ దాన్ని తన స్టోర్‌లోంచి తీసేసింది, మళ్లీ 2021 జూన్‌లో పెట్టింది. 2023 సెప్టెంబర్‌లో వచ్చిన 2.0 అప్‌డేట్ పెర్క్‌లు (హీరోకు ఎంచుకునే నైపుణ్యాలు), పోలీసులు, ఆర్మర్ అన్నీ తిరగరాసింది. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఆ అప్‌డేట్ పీఎస్4కు, ఎక్స్‌బాక్స్ వన్‌కు రాలేదు. "ఇప్పుడు సూపర్‌గా ఉందట" అని విని సెకండ్ హ్యాండ్ పీఎస్4లో డిస్క్ వేస్తే కనిపించేది పాత ఆటే. అదే పీఎస్4 డిస్క్‌ను పీఎస్5లో వేస్తే కొత్త వెర్షన్ ఉచితంగా దిగుతుంది, కాకపోతే పీఎస్5కి డిస్క్ డ్రైవ్ ఉండాలి. పీసీలో అయితే ఎస్‌ఎస్‌డీ తప్పనిసరి అని కంపెనీయే కనీస అవసరాల్లో చేర్చింది. మామూలు హార్డ్ డిస్క్‌లో వేసుకుని "రోడ్లు లోడ్ కావట్లేదు" అనుకోవద్దు.

ఆన్‌లైన్‌లో మాత్రమే నడిచే గేమ్ అయితే వేరే పరీక్ష ఉంది: సర్వర్లు బతికున్నాయా? కాంకర్డ్ 2024 ఆగస్టు 23న వచ్చి సెప్టెంబర్ 6న మూతపడింది. ఆంథమ్ సర్వర్లను 2026 జనవరిలో ఆపేశారు. అందులో ఎగరడం ఎంత బాగుండేదో చెప్పుకోవడమే మిగిలింది. రెడ్‌ఫాల్ నయం, 2024లో వచ్చిన చివరి అప్‌డేట్‌లో ఆఫ్‌లైన్ మోడ్ ఇచ్చి వదిలారు. ఫ్లాపైన గేమ్ పాత డిస్క్ చవగ్గా దొరికితే కొనే ముందు సర్వర్ల సంగతి వెతకండి, లేదంటే ఆ డిస్క్ టీ కప్పు కింద పెట్టుకోవడానికే.

రిఫండ్ గడియారం తిరగకముందే

స్టీమ్‌లోనూ ఎపిక్‌లోనూ కొన్న 14 రోజుల్లోపు, ఆట సమయం రెండు గంటలు దాటకముందు అడిగితే డబ్బు తిరిగొస్తుంది. ప్లేస్టేషన్ స్టోర్‌లో మాత్రం డౌన్‌లోడ్ మొదలుపెడితే ఆ హక్కు పోయినట్టే. పీసీలో ఈ రెండు గంటలు వృథా కాకుండా చూసుకోవడమే తెలివి. మెనూలో కూర్చున్నా, షేడర్లు (వెలుగు, రంగులు తెర మీద ఎలా కనపడాలో గ్రాఫిక్స్ కార్డ్‌కు చెప్పే చిన్న ప్రోగ్రాములు) తయారవుతున్నా గడియారం తిరుగుతూనే ఉంటుంది.

అందుకే గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ గేమ్ తెరవకముందే చేయండి. తెరిచాక చేస్తే తయారైన షేడర్లన్నీ పోయి పని మళ్లీ మొదటికొస్తుంది. ది కాలిస్టో ప్రోటోకాల్ 2022 డిసెంబర్‌లో పీసీలో తిట్లు తిన్నది చాలావరకు ఈ షేడర్ల వల్లే. ఒక నిప్పురవ్వో రక్తపు చుక్కో మొదటిసారి తెర మీదికి వచ్చినప్పుడు ప్రాసెసర్ దాని షేడర్‌ను అప్పటికప్పుడు తయారు చేస్తుంది, ఆ క్షణం బొమ్మ ఆగిపోతుంది. అదే దృశ్యం రెండోసారి సాఫీగా నడిస్తే మీ సమస్య ఇదే. సెట్టింగ్స్ తగ్గించినా పెద్దగా పోదు. గేమ్ మొదట్లో షేడర్లు సిద్ధం చేసుకుంటుంటే మధ్యలో ఆపకుండా పూర్తి కానివ్వండి.

రెండోసారి కూడా అక్కడే జర్క్ వస్తే అనుమానించాల్సింది గ్రాఫిక్స్ కార్డ్ మెమరీని. 6 జీబీ కార్డ్ ఉంటే కొత్త గేముల్లో టెక్స్చర్స్ మీడియంకు దించండి. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టే ఆడండి, బ్యాటరీ మీద కార్డ్ సగం బలంతోనే నడుస్తుంది.

ఆ తర్వాత ఫ్రేమ్‌లకు తాళం వేయండి, అంటే సెకనుకు ఇన్ని బొమ్మలే రావాలని సెట్టింగ్స్‌లో పరిమితి పెట్టండి. 75కు ఎక్కి 48కి దిగుతూ ఉండే ఆట కంటే కదలకుండా 30 దగ్గర నిలబడే ఆటే కంటికి హాయి. తాళం ఎంత దగ్గర వేయాలన్నది మీ స్క్రీన్‌ను బట్టి ఉంటుంది. రిఫ్రెష్ రేటును (స్క్రీన్ సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందో ఆ లెక్కను) అలాగే ఉంచండి, లేదా 2తోనో 3తోనో భాగించండి. 60 హెర్ట్జ్ స్క్రీన్‌కు 60, లేదంటే 30. 120కి 60 లేదా 40. 144కి 72 లేదా 48. 60 హెర్ట్జ్ స్క్రీన్ మీద 45 పెడితే కొన్ని ఫ్రేమ్‌లు ఒకసారీ, కొన్ని రెండుసార్లూ కనపడి కదలిక కుంటుతుంది. వేరియబుల్ రిఫ్రెష్ (ఫ్రేమ్‌లను బట్టి రేటు తనే మార్చుకోవడం) ఉన్న మానిటర్‌కు ఈ లెక్క అక్కర్లేదు. మోషన్ బ్లర్, ఫిల్మ్ గ్రెయిన్, క్రొమాటిక్ అబెరేషన్ అని ఎక్కడ కనపడితే అక్కడ ఆపేయండి. "గ్రాఫిక్స్ మసగ్గా ఉన్నాయి" అన్న ఫిర్యాదుల్లో సగం ఈ మూడే.

వేరే గేమ్ నేర్పిన అలవాటు వదలండి

అసలు మజా ఇక్కడుంది. జనం తిట్టిన గేముల్లో చాలావాటిని ఇంకో గేమ్‌లా ఆడి తిట్టారు.

కాలిస్టో ప్రోటోకాల్‌లో కొట్లాట చెత్త అన్నవాళ్లలో ఎక్కువమంది శత్రువు చెయ్యి లేచే క్షణం కోసం కాచుకుని, సరిగ్గా అప్పుడు తప్పుకోవాలని చూశారు. ఆ గేమ్‌లో టైమింగ్ లేదు. దెబ్బ రాకముందే కంట్రోలర్ స్టిక్‌ను ఎడమకో కుడికో నొక్కి పట్టుకోండి, మీ హీరోయే తప్పుకుంటాడు. రెండో దెబ్బకు రెండో వైపు నొక్కాలి, మూడోదానికి మళ్లీ మొదటి వైపు. అంతే. ఒకే వైపు రెండుసార్లు నొక్కితే దెబ్బ తగులుతుంది. ఇది పట్టుబడ్డాక లాఠీతో నాలుగు దెబ్బలు, మధ్యలో పిస్తోలు గుండు, తర్వాత గ్లవ్‌తో (శత్రువును దూరం నుంచే గాల్లోకి లేపే చేతి తొడుగు) ఎత్తి ముళ్ల గోడకేసి కొట్టడం... కోలాటం లాంటి లయ వస్తుంది. ఇద్దరు ముగ్గురు ఒకేసారి మీద పడితే ఆ లయ తెగుతుంది, అది గేమ్ లోపమే. అలాంటప్పుడు గ్లవ్‌తో ఒకడిని దూరంగా విసిరేసి, ఒక్కొక్కరిగా తేల్చుకోవాలి.

డేస్ గాన్ కథ వేరు. 2019 ఏప్రిల్‌లో పీఎస్4లో వచ్చినప్పుడు "నెమ్మది" అన్నారు. 2021లో పీసీకి వచ్చాక ఆడినవాళ్లు నెత్తిన పెట్టుకున్నారు. మొదటి కొన్ని గంటలు నిజంగానే నెమ్మది, ఎందుకంటే బండి ట్యాంకు చిన్నది. కథ మిషన్ల వెంట పరిగెత్తకుండా చంపిన ఫ్రీకర్ల (ఈ గేమ్‌లోని జాంబీల్లాంటి జీవుల) చెవులను క్యాంపులో అమ్మండి, క్రెడిట్లూ నమ్మకమూ రెండూ పెరుగుతాయి. కోప్‌లాండ్ క్యాంపులో బండి పార్టులు, టక్కర్ హాట్ స్ప్రింగ్స్‌లో తుపాకులు. మొదట కోప్‌లాండ్ దగ్గరే అమ్మి ట్యాంకు పెద్దది చేయించండి. సగం ఓరెగాన్ చేతికొచ్చినట్టుంటుంది.

దారిలో నీరో అనే ప్రభుత్వ సంస్థ వదిలేసిన చెక్‌పాయింట్లు వస్తాయి. జనరేటర్ కనపడగానే ఆన్ చేస్తే స్పీకర్లు మోగి చుట్టుపక్కల ఫ్రీకర్లన్నీ వచ్చి మీద పడతాయి. ముందు చుట్టూ ఒక రౌండ్ వేసి ప్రతి స్పీకర్ వైరూ కత్తిరించండి. ఒకటి తప్పకుండా ఏ కప్పు మీదో స్తంభం మీదో దాక్కుని ఉంటుంది, చేయి అందకపోతే తుపాకీతో కొట్టండి. ఆ తర్వాతే పెట్రోలు పోసి స్విచ్ వేయాలి. లోపల దొరికే ఇంజెక్టర్‌తో హెల్త్, స్టామినా, ఫోకస్‌లలో ఒకటి పెంచుకోవచ్చు. మొదటి రెండు మూడు స్టామినాకే వాడండి. ఈ గేమ్‌లో ప్రాణం కాపాడేది కాళ్లే.

ఎందుకో హోర్డ్ ఎదురైనప్పుడు తెలుస్తుంది. వందల్లో ఫ్రీకర్లు గుంపుగా వరదలా వస్తాయి. బండిని బయటికి వెళ్లే దారి వైపు తిప్పి ఆపుకోండి. సేవ్ కూడా బండి పక్కనే అవుతుంది కాబట్టి అక్కడే చేసుకోండి. ఇరుకు గుమ్మం దగ్గర మొలటోవ్ విసిరి, వెనక్కి తిరిగి చూడకుండా పరిగెత్తి, ఇంకో ఇరుకు సందు దగ్గర మళ్లీ. మొదట్లోనే ఓ పెద్ద గుంపు కంటపడితే సిగ్గుపడక పారిపోండి. లాస్ట్ లేక్ దాటి మంచి తుపాకీ, బాంబులు చేతికి వచ్చాక చూసుకోవచ్చు.

సరుకులు మోసుకెళ్లి అప్పగించే గేమ్ డెత్ స్ట్రాండింగ్ గురించి క్లుప్తంగా. "నడవడం తప్ప ఏముంది" అన్నవాళ్లు చాలామంది మూడో ఎపిసోడ్ దాకా రాలేదు. రోడ్లు వేయడం అక్కడే మొదలవుతుంది. అప్పటిదాకా మోయగలిగినంతా నెత్తికెత్తుకోకుండా, వాలులో కంట్రోలర్ మీది ఎల్2, ఆర్2 బటన్లు రెండూ నొక్కి పట్టుకుని నడవండి. నిచ్చెనలు రెండు వెంట ఉంచుకోండి, స్కాన్‌లో ఎర్రగా కనపడిన నీళ్లలో దిగకండి.

వదిలేయడం కూడా తెలియాలి

పై మందులన్నీ వేసినా గంటన్నర దాటేసరికి చేయి ఇంకో గేమ్ వైపు పోతుంటే రిఫండ్ అడిగేయండి, రెండు గంటల గడువులో దాదాపు అరగంట మిగిలే ఉంటుంది. ప్రతి మూలా డబ్బు అడిగే గేమ్‌కూ ఈ చిట్కాలు పనిచేయవు, అక్కడ విసుగు పుట్టించడమే వ్యాపారం.

గడువు దాటాక వదిలేస్తున్నట్టయితే సైడ్ మిషన్లన్నీ పక్కన పెట్టి, డిఫికల్టీ ఈజీకి దించి, కథ మాత్రం చూసేయొచ్చు. అది చిన్నతనమేమీ కాదు. అదీ వద్దనుకుంటే అన్‌ఇన్‌స్టాల్ చేసే ముందు లైబ్రరీలో క్లౌడ్ గుర్తు చూసి సేవ్ ఫైల్ పైకి చేరిందో లేదో సరిచూసుకోండి. క్లౌడ్ లేని గేమ్ అయితే సేవ్ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, దాని పేరులో ఏ వెర్షన్ దాకా ఆడారో రాసుకోండి. ఆర్నెల్ల తర్వాత కొత్త ప్యాచ్ వచ్చి మళ్లీ మనసు పుడితే ఎక్కడ ఆపారో అక్కడ్నుంచే మొదలుపెట్టొచ్చు.