రొయ్య మొప్పల ఆర్‌ఎన్‌ఏ: జెల్‌లో ఒక్క బ్యాండే వస్తే

నిజాంపట్నం వైపు చెరువుల నుంచి వనామీ రొయ్యలు తెచ్చుకుని, గుంటూరులో సోడియం-పొటాషియం ఏటీపీఏజ్ జీన్ మీద ప్రాజెక్టు చేసే విద్యార్థులకు టెన్షన్ జెల్ దగ్గరే, అంటే తీసిన ఆర్‌ఎన్‌ఏ బాగుందో లేదో ముక్కల సైజును బట్టి చూసే దగ్గరే మొదలవుతుంది. ఒక్కో ఏటీపీ ఖర్చుతో 3 సోడియం అయాన్లను కణం బయటికి తోసి, 2 పొటాషియం అయాన్లను లోపలికి తెచ్చే పంపు తాలూకు జీన్ అది. నీటిలో ఉప్పు మారితే రొయ్య తట్టుకోవడంలో దానిది పెద్ద పాత్ర.

సమస్య: రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏలు 28ఎస్ (పెద్దది), 18ఎస్ (చిన్నది) అని రెండు బ్యాండ్లు (గీతలు) రావాలి. వచ్చింది ఒక్కటే, దాదాపు 2 కేబీ (2,000 బేస్‌ల పొడవు) దగ్గర. "పాడైపోయింది, పారెయ్" అంటారు పక్కనున్నవాళ్లు.

కారణం: పారేయకండి. రొయ్యలతో సహా చాలా కీళ్లకాళ్ల జీవుల్లో 28ఎస్ మధ్యలో సహజంగానే తెగి ఉంటుంది. రెండు ముక్కలనూ హైడ్రోజన్ బంధాలు పట్టి ఉంచుతాయి. లోడ్ చేసేముందు శాంపిల్ వేడి చేసినా, ఫార్మమైడ్ (ఆ బంధాలను విప్పే రసాయనం) ఉన్న డై కలిపినా ఆ పట్టు వదిలిపోతుంది. విడిపోయిన ముక్కలు 18ఎస్ సైజుకు దగ్గరగా ఉండటంతో అన్నీ ఒకే చోట చేరతాయి.

పరిష్కారం: అదే ఆర్‌ఎన్‌ఏను వేడి చేయకుండా, మామూలు అగరోజ్ జెల్ మీద, ఫార్మమైడ్ లేని డైతో మళ్లీ రన్ చేయండి. పై బ్యాండ్ (28ఎస్) కనిపిస్తే నిశ్చింతగా సీడీఎన్‌ఏకి (ఆర్‌ఎన్‌ఏ నుంచి చేసే డీఎన్‌ఏ కాపీకి) వెళ్లండి. రిన్ స్కోరు (ఆర్‌ఎన్‌ఏ నాణ్యతకు మెషీన్ ఇచ్చే మార్కు) తక్కువొచ్చిందని మాత్రం శాంపిల్ వదులుకోవద్దు. ఆ లెక్క మనిషి, ఎలుకల్లాంటి వాటి 28ఎస్‌ని చూసి కట్టింది. బ్యాండ్ కింద పొగలా సాగితే అది నిజంగా పాడైనట్టే. మన ఎండల్లో చెరువు గట్టు మీద ఐస్‌ని నమ్ముకోవద్దు. మొప్పలను అర సెంటీమీటరుకి మించని ముక్కలుగా కోసి, అక్కడికక్కడే, ఆర్‌ఎన్‌ఏని పాడవకుండా కాపాడే ద్రావణమైన ఆర్‌ఎన్‌ఏ లేటర్‌లో ముంచండి.

సమస్య: ఉప్పు తగ్గించినా జీన్ స్థాయి మారలేదు.

మండపీతలతో చేస్తుంటే ముందు మొప్పల సంగతి చూడండి. ముందు జతలు ఎక్కువగా శ్వాసకు, వెనక జతలు అయాన్ల రవాణాకు. అన్నీ కలిపి నూరితే వెనక మొప్పల్లో వచ్చిన మార్పు పలచబడిపోతుంది, విడివిడిగా తీయండి. రిఫరెన్స్‌గా (పోల్చుకోడానికి, మారకుండా ఉండాల్సిన జీన్‌గా) బీటా-యాక్టిన్ ఒక్కదాన్నే పెట్టుకోవడం నాకు నచ్చని అలవాటు, ఉప్పు మారితే అదీ మారొచ్చు. ఈఎఫ్1-ఆల్ఫా జీన్ కూడా పెట్టి, మీ శాంపిళ్లలో ఏది నిలకడగా ఉందో చూసుకోండి.

సమస్య: రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ (ఆర్‌ఎన్‌ఏని సీడీఎన్‌ఏగా మార్చే ఎంజైమ్) వేయని ట్యూబులోనూ సిగ్నల్. అది ఆర్‌ఎన్‌ఏతో పాటు వచ్చేసిన జీనోమిక్ డీఎన్‌ఏ. డీఎన్‌ఏజ్ (డీఎన్‌ఏని తెంచేసే ఎంజైమ్) మళ్లీ కొట్టి, ప్రైమర్‌ని రెండు ఎక్సాన్ల (ఆర్‌ఎన్‌ఏలో మిగిలే జీన్ ముక్కల) అతుకు మీద డిజైన్ చేయండి.