ఘాట్‌లో సైకిలు దిగేవాళ్లకు: బ్రేకు మలుపుకు ముందే

వానలు పట్టాయి. ఘాట్‌లో సైకిలు అదుపు తప్పిందన్న మాట ఈ వారం మళ్లీ విన్నాం. కోరాపుట్ నుంచి జయపురం దిగినా, సుంకి మీదుగా సాలూరు దిగినా ఇదే భయం. హెల్మెట్, లైటు సంగతి అందరికీ తెలుసు, వదిలేద్దాం.

వేగం ఎత్తు నుంచి వస్తుంది. గాలీ రాపిడీ లేకపోతే 10 మీటర్ల ఎత్తు దిగేసరికే గంటకు 50 కిలోమీటర్లు అందుకుంటారు. మనల్ని పట్టి ఉంచేది ముఖ్యంగా గాలి. క్యారేజీ మీద 50 కిలోల బస్తా వేస్తే కిందికి లాగే బలం పెరుగుతుంది, గాలి అడ్డు మాత్రం దాదాపు అంతే. అందుకే బరువు సైకిలు ఎక్కువ వేగం అందుకుంటుంది. వంగి కూర్చుంటే మరీను. నిటారుగా కూర్చోండి.

మనవాళ్లను ముంచుతున్న తప్పు ఒక్కటే: తిన్నని రోడ్డు మీద వదిలేసి, మలుపులోకి వచ్చాక బ్రేకు పట్టడం. వేగం 20 నుంచి 40కి పెరిగితే, బ్రేకు పట్టాక ఆగే దూరం నాలుగింతలవుతుంది. పైగా మలుపులో టైరు పట్టు చాలావరకు సైకిలును తిప్పడానికే సరిపోతుంది. అప్పుడు గట్టిగా నొక్కితే చక్రం జారుతుంది. సైకిలు వాలకముందే, మలుపుకు ముందే వేగం తగ్గించండి.

తడిసిన స్టీలు రిమ్ము మీద బ్రేకు రబ్బరు వెంటనే పట్టదు. 40 వేగంలో సెకనుకు 11 మీటర్లు పోతారు. కాబట్టి దిగుతున్నంతసేపూ మధ్యమధ్యలో మెల్లగా నొక్కి రిమ్ము మీది నీళ్లు తుడుస్తూ ఉండండి.

బయల్దేరే ముందు లివర్ పూర్తిగా నొక్కి చూడండి. హ్యాండిల్‌కు అంటితే దిగొద్దు. గాడులు అరిగిన రబ్బర్లు మార్చండి. రబ్బరు రిమ్ముకే తగలాలి, టైరుకు తగిలితే కోసేస్తుంది. కడ్డీ బ్రేకైతే బోల్టులన్నీ బిగించండి.

రెండు బ్రేకులూ కలిపి పట్టండి. ముందుది ఒక్కటే గుంజితే తలకిందులవుతారు. అదేపనిగా నొక్కి ఉంచొద్దు, రిమ్ము కాలి ట్యూబు పేలవచ్చు. నొక్కండి, వదలండి, మళ్లీ నొక్కండి. హ్యాండిల్‌కు సంచులు తగిలించొద్దు. హ్యాండిల్ వణికితే బిగబట్టొద్దు, నడిమి గొట్టాన్ని మోకాళ్లతో అదిమి పట్టి వేగం తగ్గించండి. డీజిల్ మరక మీద, తడి ఆకుల మీద, తెల్లగీత మీద తిప్పొద్దు. లారీ వెనకే పోవద్దు. క్యారేజీ మీద పిల్లలు వద్దు. మళ్లీ చెబుతున్నాం, బ్రేకు మలుపుకు ముందే. మంచు కమ్మి మలుపు కనబడకపోతే దిగి నడిపించుకెళ్లండి.