కాజీపేట నుంచి పునీతుల సమాధుల దాకా: పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని యాత్ర ఎలా చేయాలి

మా విచారణ (మా కాథలిక్ చర్చి సంఘం) నుంచి 22 మందిమి కేరళకు, నాగర్‌కోయిల్‌కు, చెన్నై మైలాపూరుకు 9 రోజుల యాత్ర చేసి వచ్చాం. అందులో 14 మంది 60 దాటినవాళ్ళే. వచ్చినప్పటి నుంచి హన్మకొండ వాళ్ళు, జనగామ వాళ్ళు, కరీంనగర్‌లో మా ఆడబిడ్డ వాళ్ళు ఫోన్ చేసి "టీచరమ్మా, ఎట్ల పోయిన్రు, ఏమేం చూసుకున్నరు" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికి చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను. 32 ఏళ్ళు సర్కారు బడిలో పనిచేసినదాన్ని. పిల్లల్ని బస్సెక్కించి రామప్పకు, లక్నవరానికి తిప్పిన అనుభవం ఉంది కానీ, మోకాళ్ళ నొప్పులున్న అవ్వలతో వెయ్యి కిలోమీటర్లకు పైగా పోవడం వేరే పని.

అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది, ఎంతమంది పునీతుల (సెయింట్ల) దగ్గరికి పోతామన్నది. కేరళలోనే నలుగురి సమాధులున్నాయి. మన్నానంలో పునీత చావర, భరణంగానంలో పునీత అల్ఫోన్సమ్మ, ఒల్లూరులో పునీత యూఫ్రేసియమ్మ, కుళిక్కాట్టుశేరిలో పునీత మరియం త్రేసియమ్మ. ఒకరు వేళాంగణి అంటారు, ఇంకొకరు గోవాలో శౌరివారిని (ఫ్రాన్సిస్ జేవియర్‌ను) చూడకుండా ఎట్లా అంటారు. మేం మొదట రాసుకున్న పట్టీలో 11 ఊళ్ళు తేలాయి. ఫాదర్ గారు ఆ కాగితం చూసి ఒకటే అడిగారు: "వీళ్ళలో ఎవరి కథ మీరు పుస్తకం చూడకుండా చెప్పగలరు?" ఒక్కరిది కూడా మాకు పూర్తిగా రాలేదు. ఆ రోజే పట్టీని నాలుగు పేర్లకు కుదించాం. చావర, అల్ఫోన్సమ్మ, దేవసహాయం, యేసు శిష్యుడైన అపోస్తలుడు తోమా. కథ చెప్పడం రాని పునీతుడి ఊరికి టికెట్ తీయొద్దన్నది నా గట్టి అభిప్రాయం. కథ తెలియకుండా పోతే అక్కడ కనిపించేది ఒక పాలరాతి బండ, నాలుగు కొవ్వొత్తులు.

అందుకని బయల్దేరడానికి నాలుగు నెలల ముందు నుంచి శుక్రవారం జపమాల అయ్యాక అరగంట కూర్చున్నాం. ఒక్కో వారం ఒక్కొక్కరు లేచి పునీతుల జీవితంలో ఒక ముక్క సొంత మాటల్లో చెప్పాలి. చదువురాని అవ్వలు కూడా చెప్పారు. నిజానికి వాళ్ళే బాగా చెప్పారు.

ఇక కాలం. నవంబర్ సగం నుంచి జనవరి సగం దాకా కేరళ రైళ్ళన్నీ అయ్యప్ప స్వాములతో నిండి ఉంటాయి. జనవరి 14 పునీత దేవసహాయం వేదసాక్షిగా, అంటే విశ్వాసం కోసం, ప్రాణమిచ్చిన రోజు. సంక్రాంతి సెలవులతో కలిసొస్తుందని ఆశపడతాం కానీ, పెద్దవాళ్ళతో ఆ రద్దీలో పడొద్దు. జూలై 28 అల్ఫోన్సమ్మ పండుగ. భక్తి ఎంత ఉన్నా అప్పుడు వాన, జనం రెండూ తట్టుకోలేం. జనవరి చివరి వారం నుంచి తపస్సు కాలం (ఈస్టర్‌కు ముందు ఉపవాస దినాలు) మొదలయ్యే లోపు మంచిది. అయితే మేడారం జాతర ఉన్న ఏడాది మాత్రం ఆ తేదీలు ముందే చూసుకోండి. ఆ నాలుగు రోజులు వరంగల్ స్టేషన్‌లో కాలు పెట్టే సందు ఉండదు, కాజీపేట నుంచి అక్కడిదాకా పోవడానికి ఆటో కూడా దొరకదు.

రైలు సంగతి. కేరళ ఎక్స్‌ప్రెస్ వరంగల్‌లో ఆగుతుంది, నేరుగా కొట్టాయం దింపుతుంది. ఎక్కడా మారే పని లేదు. ఇప్పుడు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు. 2024 నవంబర్‌కు ముందు 120 రోజులుండేది, ఆ పాత లెక్కతో కూర్చోవద్దు. పెద్దవాళ్ళకు టికెట్ రాయితీ 2020 మార్చిలోనే పోయింది. కానీ లోయర్ బెర్త్ కోటా ఉంది. 60 దాటిన మగవాళ్ళకు, 45 దాటిన ఆడవాళ్ళకు వర్తిస్తుంది. చాలామందికి తెలియనిది ఏమంటే, ఒక్కరు గానీ ఇద్దరు గానీ ఉన్న టికెట్‌కే ఆ కోటా ఇస్తారు. ఒక టికెట్ మీద ఆరుగురిని రాయొచ్చు కదా అని అందరినీ కలిపి రాస్తే అవ్వకు పై బెర్త్ వచ్చి కూర్చుంటుంది. ఇద్దరిద్దరిగా విడగొట్టి తీయండి. పడుచువాళ్ళ టికెట్లు తర్వాత.

పైసలు ఒకేసారి అడిగితే సగం మంది వెనక్కి తగ్గుతారు. మేం పది నెలలు నెలనెలా కట్టుకున్నాం, ఇద్దరి పేరు మీద బ్యాంకు ఖాతా తెరిచి. అయినా ఒకామెకు వీలు కాలేదు. భర్త లేడు, ఇళ్ళల్లో పనిచేస్తుంది. ఆమె టికెట్‌కు తోవ మాకు చావరగారే చూపారు. ఆయన 1846లో మన్నానంలో సంస్కృత పాఠశాల పెట్టాడు. ప్రతి గుడి (చర్చి) పక్కన ఒక బడి ఉండాలని పట్టుబట్టాడు. బడికొచ్చే పేద పిల్లలకు మధ్యాహ్నం అన్నం పెట్టడానికి, ఇంట్లో వంట చేసే ముందు పిడికెడు బియ్యం పక్కకు తీయమని అందరికీ చెప్పాడు. 'పిడియరి' అంటారు దాన్ని అక్కడ. ఈ కథ శుక్రవారం విన్నాక ఒక డబ్బా పెట్టుకుని, ఇంటింటికీ రోజుకొక పిడికెడు లెక్కన పోశాం. నెలాఖరుకు అమ్మి ఆ పైసలు ఆమె పేరున వేశాం.

ఫాదర్ గారు వెంట వస్తే ఆయన తప్పకుండా బిషప్ గారి దగ్గర్నుంచి గుర్తింపు పత్రం తీసుకోవాలి. అది లేకపోతే తెలియని ఊళ్ళో పూజ చేయడానికి పీఠం దగ్గర నిలబడనివ్వరు, అడగడం వాళ్ళ ధర్మం కూడా. ప్రతి పుణ్యక్షేత్రానికి రెండు నెలల ముందు ఉత్తరం రాయండి. ఏ తేదీన వస్తాం, ఎంతమందిమి, తెలుగులో దివ్యబలిపూజకు (మాస్‌కు) ఏ వేళ ఇవ్వగలరు, మెట్లు ఎక్కలేనివాళ్ళు ఎంతమంది. తెలుగు పూజగ్రంథం, పఠనాల పుస్తకం మీరే మోసుకుపోవాలి, అక్కడ దొరకవు. గదుల విషయంలో కింది అంతస్తు అన్న మాట కాగితం మీద రాయించుకోండి. ఒకచోట మాకు ఫోన్‌లో సరేనన్నారు, తీరా పోయాక రెండో అంతస్తు ఇచ్చారు, లిఫ్టు లేదు. నలుగురు అవ్వలు ఆ రాత్రి వరండాలోనే చాపలు పరుచుకుని పడుకున్నారు. నాకు ఇప్పటికీ మనసున ఉంది.

తిండికి: మొదటి రాత్రికి సర్వపిండి, తర్వాతికి సకినాలు, పల్లి పొడి, మామిడి తొక్కు. కేరళలో ఎర్రటి ఉప్పుడు బియ్యం అన్నం లావుగా ఉంటుంది, కూరలో కొబ్బరినూనె. మొదటి పూట మనవాళ్ళు రెండు ముద్దలు తిని లేచిపోతారు. తొక్కు ఉంటే తింటారు. షుగరు మందులు వేసుకునేవాళ్ళు తినకుండా ఉంటే ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు.

అన్నాను గానీ, చెప్పాల్సిందే. భరణంగానంలో మాకు జరిగింది అదే. అందరిలో పెద్ద అవ్వ ముందురోజు రాత్రి నుంచి ఏమీ ముట్టలేదు. దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) తీసుకునే రోజు అర్ధరాత్రి నుంచి నీళ్ళు కూడా తాగొద్దని వాళ్ళమ్మ చిన్నప్పుడు నేర్పిందట. పూజ మధ్యలో చెమటలు పట్టి బెంచీ మీదికి ఒరిగిపోయింది. అక్కడి మఠకన్యలు పరుగున చక్కెర నీళ్ళు తెచ్చి తాగిస్తే తేరుకుంది. ఆ నియమం ఎప్పుడో మారింది. 1964లో ఆరవ పౌలు పోపుగారు ఉపవాసాన్ని ఒక గంటకు తగ్గించారు. వృద్ధులకు, రోగులకు, వాళ్ళను చూసుకునేవాళ్ళకు ఆ గంట కూడా వర్తించదు. ఈ మాట బయల్దేరే ముందు ఫాదర్ గారి నోటితోనే చెప్పించండి. మనం చెబితే వినరు, "నువ్వు చిన్నదానివి బిడ్డా" అంటారు.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పి ఉంచాలి. మన్నానం, భరణంగానం సీరో మలబారు సభవి, అంటే కేరళలోని తూర్పు పద్ధతి కాథలిక్ సభవి. పూజను అక్కడ కుర్బానా అంటారు. వరస వేరు, పాట వేరు, గురువు కొంతసేపు పీఠం వైపు తిరిగి ఉంటారు. "ఇది మన గుడేనా" అని ఇద్దరు నా చెవిలో అడిగారు. మన శ్రీసభే (కాథలిక్ సభే). సత్ప్రసాదం తీసుకోవచ్చు, ముందున్నవాళ్ళు ఎలా అందుకుంటున్నారో చూసి అలాగే అందుకోండి.

కొట్టాయంలో దిగాక రెండు రాత్రులు ఉండండి. మన్నానం పది కిలోమీటర్ల దూరమే. చావరగారు 1871లో కూనమ్మావులో కన్నుమూస్తే, 1889లో అవశేషాలను మన్నానానికి తెచ్చారు. టీచర్‌గా బతికినదాన్ని కదా, ఆ సమాధి దగ్గర నుంచి నాకు లేవాలనిపించలేదు. తోవలోనే కుడమాలూరు, అల్ఫోన్సమ్మ పుట్టిన ఇల్లు అక్కడే. 1910లో పుట్టింది, పసికందుగా ఉన్నప్పుడే తల్లి పోయింది, పెద్దమ్మ పెంచింది. పెళ్ళి తప్పించుకోవాలని నిప్పుల గుంటలో కాలు పెట్టి కాల్చుకుంది. 1946లో 36 నిండకుండానే భరణంగానం మఠంలో జబ్బుతో పోయింది. 2008లో పునీత పట్టం పొందింది, మన దేశపు ఆడబిడ్డల్లో మొదటిది. ఆమెవని శ్రీసభ ఒప్పుకున్న అద్భుతాలు వంకర పాదాలతో పుట్టిన పిల్లలవి. మా గుంపులో ఒకామె మనవడికి అదే బాధ. ఆమెను ఆ చిన్న గుడిలో రెండు గంటలు ఒంటరిగా వదిలేశాం. అందుకే అంటున్నాను, బస్సు డ్రైవర్ తొందరపెట్టకుండా ఆ రోజు ఇంకో ఊరు పెట్టుకోవద్దు.

కొట్టాయం నుంచి నాగర్‌కోయిల్ సుమారు 220 కిలోమీటర్లు. రైలుంది కానీ మేం మినీ బస్సు మాట్లాడుకున్నాం, తోవలో పులియూర్‌కురిచ్చిలో ఆగడానికి. దేవసహాయంగారి కథ అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

మన పల్లెల్లో దేవసహాయం అన్న పేరు లేని క్రైస్తవ వాడ ఉండదు. ఆ పేరు గల పునీతుడు ఉన్నాడని మాత్రం చాలామందికి తెలియదు. 1712లో నట్టాలంలో పుట్టాడు, అసలు పేరు నీలకంఠ పిళ్ళై. తిరువాన్కూరు రాజు మార్తాండవర్మ కొలువులో అధికారి. 1741లో కొళచ్చెల్ యుద్ధంలో పట్టుబడిన డచ్చి సేనాని డి లన్నోయ్ అదే కొలువులో చేరాడు. ఇంట్లో నష్టాలొచ్చి దిగులుపడుతున్న ఇతనికి బైబిల్లో కష్టాలు ఓర్చుకున్న యోబు కథ చెప్పింది అతనే. 1745లో వడక్కన్‌కుళంలో జ్ఞానస్నానం (బాప్తిస్మం), అప్పటి నుంచి దేవసహాయం. పెద్ద కులంలో పుట్టి కులాల తేడా లేదు, అందరూ సమానమని చెబితే ఊరుకుంటారా? 1749లో పట్టుకున్నారు. దున్నపోతు మీద వెనక్కి తిప్పి కూర్చోబెట్టి ఊరూరా తిప్పారు, కొట్టారు. పులియూర్‌కురిచ్చిలో దాహంతో మోచేతితో బండను తాకితే నీళ్ళొచ్చాయని అక్కడివాళ్ళ నమ్మకం. 1752 జనవరి 14న ఆరళ్వాయ్‌మొళి దగ్గర కాట్రాడిమలై మీద తుపాకులతో కాల్చి చంపారు. 2022 మే 15న పునీత పట్టం. గురువు కాదు, మఠవాసి కాదు, పెళ్ళయిన సంసారి. మన దేశంలో అలాంటి మొదటి పునీతుడు ఆయనే. పిళ్ళై అన్న కులం మాట ఇప్పుడు ఆయన పేరు చివర లేదు, ఉత్త దేవసహాయం.

కాట్రాడిమలైకి పొద్దున్నే పోండి. అక్కడ గాలి విపరీతం, చుట్టూ గాలిమరలు. కొంగులు గట్టిగా చుట్టుకోమని, టోపీలు సంచిలో పెట్టమని ముందే చెప్పండి. రాయితో తడితే గంటలా మోగే బండ ఒకటుంది, అందరూ మోగించి చూస్తారు. ఎత్తుపల్లాలున్నాయి గనుక ఇద్దరు అవ్వలకొక పడుచు మనిషి చొప్పున అప్పజెప్పండి.

దేవసహాయంగారి సమాధి నాగర్‌కోయిల్‌లోని కొట్టారులో, శౌరివారి కేథడ్రల్ లోపల ఉంది. అక్కడ మేం తెలుగులో ప్రార్థన చెప్పుకున్నాం. మా పెద్ద అవ్వ భర్త పేరు కూడా అదే. 60 ఏళ్ళ కాపురంలో, ఆయన పోయాక కూడా, ఆమె ఆ పేరు నోటితో పలకలేదు. రేషన్ కార్డు దగ్గర కూడా పక్కవాళ్ళతో చెప్పించేది. ఫాదర్ గారు ప్రార్థన మొదలుపెట్టగానే అందరూ ఆమె వైపు చూశారు. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తర్వాత తీసి, "పునీత దేవసహాయమా, మా కొరకు ప్రార్థించండి" అని గట్టిగానే అంది. మూడుసార్లు అంది. తర్వాత ఎవరికీ గొంతు పెగల్లేదు.

కన్యాకుమారి ఎలాగూ పక్కనే, ఒక పొద్దు చూపించండి, లేకపోతే పిల్లలు అలుగుతారు.

నాగర్‌కోయిల్‌లో సాయంత్రం కన్యాకుమారి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి చెన్నై. ఆ ఒక్క రోజు తోమాగారికి. సైదాపేట చిన్నమల (లిటిల్ మౌంట్), తర్వాత పరంగిమల (సెయింట్ థామస్ మౌంట్), చివరికి మైలాపూరులోని శాంథోం. పరంగిమలకు మెట్లున్నాయి, కానీ పైదాకా బండి పోయే రోడ్డు కూడా ఉంది. మొక్కు ఉన్నవాళ్ళే మెట్లెక్కాలి. క్రీ.శ. 72లో ఆయన్ను అక్కడే చంపారని సంప్రదాయం. పైనున్న గుడి పోర్చుగీసువాళ్ళు 1523లో కట్టింది. శాంథోం బసిలికా ఆయన సమాధి మీద ఉంది, ఇప్పటి కట్టడం 1896 నాటిది. సమాధి కింద ఉంటుంది. చల్లగా, నిశ్శబ్దంగా ఉంటుంది, అలసిన కాళ్ళకు అది చాలు. సామాన్లు మాత్రం స్టేషన్ క్లోక్ రూంలో పెట్టే వెళ్ళండి.

రాత్రి సెంట్రల్‌లో తమిళనాడు ఎక్స్‌ప్రెస్. పొద్దున వరంగల్. రైలు కోసం కూర్చున్నప్పుడే జమా ఖర్చు అందరికీ చదివి వినిపించండి, ఇంటికి చేరాక ఎవరూ వినరు, లోపల లోపల అనుకుంటారు. మాకు మిగిలింది కొంచెమే. దాన్ని వచ్చే యాత్రకు పక్కన పెట్టాం. బియ్యం డబ్బా ఇప్పుడు, పోయినసారి ఆ పైసలతో వచ్చినామె ఇంట్లో ఉంది. శుక్రవారం జపమాలకు వచ్చేటప్పుడు తనే తెస్తుంది.