బురద ట్రెయిల్ పరుగులో తేడా ఎక్కడ కొడుతుంది?

ట్రెయిల్ పరుగంటే రోడ్డు మీద కాకుండా కొండ, అడవి బాటల్లో పరిగెత్తడం. 50 కిలోమీటర్ల బురద దారిలో బాధ బయటపడే చోటు వేరు, దానికి బీజం పడిన చోటు వేరు. 40వ కిలోమీటరులో ఏడిపించే బొబ్బ 15వ కిలోమీటరులో షూలో దూరిన ఇసుక రేణువుది కావచ్చు. కాబట్టి ఏ సమస్య వచ్చినా కాస్త వెనక్కి వెళ్లి చూడండి.

అడుగు నిలవడం లేదు, జారిపోతోంది

ముందు షూ తిప్పి అడుగు చూడండి. అక్కడ పట్టు కోసం పొడుచుకొచ్చిన గుబ్బల మధ్య మట్టి నిండి చదునైపోయిందా? అది జిగట మట్టి. రాతి అంచుకో గడ్డికో గీకి వదిలించాలి, కాసేపటికి మళ్లీ గీకాలి, తప్పదు. గుబ్బలు శుభ్రంగా ఉన్నా జారుతుంటే అవి పొట్టివన్నమాట. మామూలు ట్రెయిల్ షూకి 4 మి.మీ. గుబ్బలుంటే, బురదకి 6 మి.మీ. దాటినవి, ఎడంగా ఉన్నవి కావాలి. పరుగు మధ్యలో షూ మార్చలేరు కనుక నడక మార్చండి: చిన్న అడుగులు, పాదం సరిగ్గా ఒంటి కిందే పడాలి. దిగుడులో భయంతో వెనక్కి వాలతాం చూడండి, పడేది అందుకే. మోకాళ్లు వదులుగా ఉంచి కాస్త ముందుకే ఒరగండి.

మడుగు వస్తే అంచున నడవాలనిపిస్తుంది. ఆ అంచే ఏటవాలుగా, నున్నగా ఉంటుంది. లోతు తెలిస్తే మధ్యలోంచే వెళ్లండి. షూ ఎలాగూ తడిసింది!

కాలొచ్చింది, షూ రాలేదు

మడమ వదులుగా ఉండటమే కారణం. షూ పైన చివర ఎవరూ వాడని రంధ్రం ఒకటుంటుంది. లేసుని అందులోంచి ఉచ్చులా తిప్పి బిగిస్తే మడమ కదలదు. దిగబడ్డ కాలిని ఒక్క ఉదుటున లాగొద్దు. అటూ ఇటూ కదిపి గాలి దూరనిచ్చాక మెల్లగా తీయండి.

అరికాలు మండుతోంది

ఇక్కడ తొందరపడితే నష్టం. ఒకే చోట చురుక్కుమంటే అది రాపిడి, బొబ్బ రాబోతోంది. అప్పుడే ఆగి, షూ విప్పి, ఇసుక దులిపి, చర్మం తుడిచి టేపు వేయాలి. 3 నిమిషాలు పోతాయని కుంటుకుంటూ సాగితే గంట పోతుంది. అరికాలంతా తెల్లగా ముడతలు పడి, మడతల మీద నడుస్తున్నట్టు నొప్పిగా ఉంటే సంగతి వేరు: నీళ్లలో నాని చర్మం మెత్తబడింది. దాని మీద టేపు అంటదు. ఎయిడ్ స్టేషన్‌లో (దారిలో నీళ్లు, తిండి, సాయం దొరికే చోటు) పాదాలు ఆరబెట్టి, పొడి సాక్స్ వేసుకోవడమే మందు. బయల్దేరే ముందే వేళ్ల మధ్య, అరికాలికి పెట్రోలియం జెల్లీ దండిగా పూస్తే నానడం ఆలస్యమవుతుంది. కాటన్ సాక్స్ మాత్రం వద్దు, తడిని వదలవు. ఉన్ని గానీ సింథటిక్ గానీ మేలు.

సగం దారికే తొడలు బరువెక్కాయి

గడియారంలో వేగం చూసి పరిగెత్తారు. బురదలో అదే వేగానికి ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. ఊపిరిని బట్టి వెళ్లండి, ఎత్తు ఎక్కేటప్పుడు నడవండి.

వణుకు మొదలైంది

పరిగెడుతున్నప్పుడు ఒంట్లో పుట్టే వేడే తడి బట్టల్లో కాపాడుతుంది. అలసి నడకలోకి దిగగానే ఆ వేడి తగ్గుతుంది. వణుకు కనిపించగానే జాకెట్ వేసుకుని, ఏదైనా తిని, కదులుతూ ఉండండి. మాట తడబడుతున్నా, వణుకుతున్న మనిషి వెచ్చబడకుండానే వణుకు ఆగిపోయినా పరుగు అక్కడితో ఆపి సాయం పిలవాలి. పతకం సంగతి తర్వాత.

వారం తర్వాత జ్వరం, ఒళ్లు నొప్పులు

అలసట అనుకుని వదిలేయకండి. జంతువుల మూత్రం కలిసిన నీళ్లు, బురద గాయాల్లోంచి, కళ్లలోంచి, నోట్లోంచి వెళితే లెప్టోస్పైరోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బు రావచ్చు. 2000లో బోర్నియోలో జరిగిన ఇకో-ఛాలెంజ్ సాహస పోటీ తర్వాత చాలామందికి సోకింది ఇదే. లక్షణాలు సాధారణంగా 5 నుంచి 14 రోజుల్లో మొదలవుతాయి, నెల దాకా ఆలస్యం కావచ్చు. డాక్టరుకి జ్వరం గురించి చెప్పే ముందే బురదలో పరిగెత్తిన సంగతి చెప్పండి. ఆయన అడగకపోవచ్చు.