మీ కుక్క ఏం క్రాసో ఎంతవరకు తెలిస్తే చాలు?

ఏడేళ్ల కిందట విజయవాడలో ఒకాయన ల్యాబ్ (ల్యాబ్రడార్) క్రాస్ అంటే 6,000 రూపాయలిచ్చి మల్లిని తెచ్చుకున్నాం. నల్లగా, బొద్దుగా, చెవులు వాల్చుకుని ఉండేది. నాలుగో నెలలో చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఆరో నెలకల్లా తోక వీపు మీదికి చుట్ట తిరిగింది. ఏడాది నిండేసరికి 17 కిలోల దగ్గర ఆగిపోయింది. "ల్యాబూ లేదు, ఏమీ లేదు, ఊర కుక్కను అంటగట్టాడు" అన్నారు చుట్టాలు. మా వారు చాలా రోజులు బాధపడ్డారు. డబ్బు గురించి కాదు, నమ్మించి అబద్ధం చెప్పినందుకు.

ఆ తర్వాత ఏలూరులో మా ఇంట్లోనే దిక్కులేని కుక్కపిల్లల్ని కొన్నాళ్లు ఉంచుకుని, టీకాలు వేయించి, పెంచుకునేవాళ్లకు ఇవ్వడం మొదలుపెట్టాను. ఇప్పటికి నలభైకి పైనే ఇచ్చాను. వచ్చిన ప్రతివాళ్లూ గుమ్మంలోనే "ఇది ఏం క్రాసండీ?" అని అడుగుతారు. వాళ్లను కూర్చోబెట్టి చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా, రూపం చూసి జాతి చెప్పే అలవాటు మానుకోండి. నల్లగా ఉంటే ల్యాబ్ అనుకుంటాం. కానీ నలుపు పైచేయిగా ఉండే రంగు. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వచ్చినా పిల్ల నల్లగా పుడుతుంది, మన వీధి కుక్కల్లోనూ అది మామూలే. బొచ్చు సంగతి దీనికి తిరగేసి. పొడవాటి బొచ్చు పైకి కనిపించాలంటే ఆ లక్షణం తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండువైపులా రావాలి. అందుకే పమేరియన్‌కూ వీధి కుక్కకూ పుట్టిన పిల్లలు చాలాసార్లు పొట్టి బొచ్చుతో అచ్చం నాటు కుక్కల్లాగే ఉంటాయి. చెవులు వాలి ఉన్నాయా అన్నది మూడు నెలల లోపు పిల్లలో అసలు లెక్కలోకే రాదు. ఇంకో మాట, ఒకే ఈతలో పుట్టిన పిల్లలకు వేరువేరు తండ్రులు ఉండవచ్చు. కాబట్టి పక్కనున్న తోబుట్టువును చూసి దీన్ని అంచనా వేయడం కుదరదు. అమెరికాలో కుక్కల షెల్టర్లలో రోజూ కుక్కలతోనే ఉండేవాళ్లు చెప్పిన జాతుల్ని డీఎన్‌ఏ పరీక్షతో పోల్చి చూస్తే చాలావరకు తప్పాయి.

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇంకొకటుంది. మన ఊర కుక్కను "మిక్స్" అనడం. అది రెండు మూడు జాతులు కలిసి పుట్టింది కాదు. జాతి కుక్కల వివరాలు నమోదుచేసే కెన్నెల్ క్లబ్‌ను లండన్‌లో పెట్టింది 1873లో. మనం ఇప్పుడు జాతి కుక్కలు అంటున్నవాటిలో చాలావరకు ఆ కాలంలో ఏరి, కట్టుదిట్టంగా పెంచి తయారుచేసినవే. ఊరి వీధుల్లో తిరిగే కుక్క వాటికంటే ఎంతో ముందు నుంచి ఉంది. అందుకే ఎవరైనా "ఇందులో ఏ జాతి కలిసింది?" అని అడిగితే చాలాసార్లు ఏమీ కలిసి ఉండదని, ఇది అచ్చంగా ఇదేనని చెబుతాను.

మరి జాతి తెలియాల్సిన అవసరమే లేదా అంటే, ఉంది. బుడ్డోడు అని మేం పిలిచే కుక్క వల్ల నాకది అర్థమైంది. వాడు కొత్త బస్టాండు దగ్గర దొరికాడు. పొట్టి కాళ్లు, పొడవాటి నడుము. డాష్‌హండ్ రక్తం ఉందని ఎవరికైనా తెలుస్తుంది, ఎందుకంటే పొట్టి కాళ్ల లక్షణం ఒకవైపు నుంచి వచ్చినా పైకి కనిపిస్తుంది. ముద్దుగా ఉన్నాడని మురిసిపోయామే తప్ప దాని అర్థం ఎవరమూ ఆలోచించలేదు. మంచం మీది నుంచి దూకేవాడు, మేడమెట్లు ఎక్కి దిగేవాడు. ఒక సాయంత్రం చంకల కింద చేతులు పెట్టి ఎత్తబోతే కెవ్వున అరిచాడు. వీపు విల్లులా వంచి, తల దించుకుని నిలబడిపోయాడు. ఇష్టమైన ఉడికించిన గుడ్డు ముందు పెట్టినా మెడ వంచలేదు. మొదట చూపించినచోట కడుపునొప్పి అనుకుని ఇంజెక్షన్ చేసి పంపేశారు. రెండో రోజు వెనక కాళ్లు తడబడ్డాయి. వేరే డాక్టరు వీపు వెంట ఎముక ఎముకా నొక్కి చూసి, వెన్నులో డిస్కు జారిందని తేల్చారు. ఐదు వారాలు చిన్న బోనులో, లేవకుండా. రాత్రిపూట వాడు ఏడుస్తుంటే బోను పక్కనే చాప వేసుకుని పడుకున్నాను. కోలుకున్నాడు.

కాబట్టి మీ కుక్కకు పొట్టి కాళ్లు, పొడవు నడుము ఉంటే ఈ రోజు నుంచే చేయాల్సినవి చెబుతాను. ఎత్తేటప్పుడు ఒక చెయ్యి రొమ్ము కింద, ఇంకో చెయ్యి తొడల కింద పెట్టి, నడుము నేలకు సమాంతరంగా ఉండేలా ఎత్తండి. సోఫాలు, మంచాలు దూకనివ్వకండి. మెట్లకు అడ్డం పెట్టండి. బరువు పెరగనివ్వకండి. వెనక కాళ్లు ఈడుస్తుంటే రేపు చూద్దాం అనుకోవద్దు, అదే పూట తీసుకెళ్లండి.

జాతి అనుమానం డాక్టరుకు చెప్పి తీరాల్సిన సందర్భం ఇంకొకటుంది. గజ్జికీ పిడుదులకూ మన దగ్గర ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ విరివిగా వేస్తారు. గొర్రెలు కాసే కోలీ జాతిలో చాలా కుక్కలకు ఎండీఆర్1 అనే జన్యువులో లోపం ఉంటుంది. జర్మన్ షెపర్డుల్లోనూ కొన్నింటికి ఉంది. ఆ లోపం ఉన్న కుక్కకు గజ్జికి వేసే మోతాదు వేస్తే మందు మెదడులోకి చేరుతుంది. తూలుతుంది, చూపు పోతుంది, స్పృహ తప్పుతుంది, ప్రాణమే పోవచ్చు. అసలు కారణం 2001లో అమెరికాలోని వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో బయటపడింది. మీ కుక్కలో షెపర్డ్ గానీ కోలీ గానీ ఉందన్న అనుమానం కొంచెమున్నా నోరు తెరిచి చెప్పండి, వేరే మందులున్నాయి. పశువులకు తెచ్చిన బాటిల్లోంచి అంచనాగా సిరంజిలోకి లాగి కుక్కకు వేసే పని మాత్రం, ఏ జాతి కుక్కకైనా సరే, దయచేసి చేయకండి.

మిగతావి క్లుప్తంగా చెబుతాను. పగ్ పోలికతో ముక్కు చప్పిడిగా ఉంటే ఎండాకాలం పొద్దున ఆరులోపే నడిపించాలి, ఆపరేషన్‌కు మత్తు ఇచ్చేటప్పుడు డాక్టరుకు గుర్తుచేయాలి. డాబర్‌మాన్ పోలిక ఉంటే రక్తం త్వరగా గడ్డకట్టని జబ్బు ఉండే వీలుంది, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కు ముందే ఆ మాట ఎత్తండి. షెపర్డ్ పోలిక ఉంటే నున్నటి టైల్స్ మీద జారకుండా అది తిరిగేచోట గోనెపట్టాలో చాపలో పరవండి, తుంటి కీళ్లకు మంచిది. పమేరియన్ పోలిక ఉంటే మెడ పట్టీకి గొలుసు తగిలించి లాగకుండా ఛాతీకి వేసే బెల్టు కొనండి. ల్యాబ్ క్రాస్‌కు ఎప్పుడూ ఆకలే, దాని చూపుకు కరిగిపోకండి. 2016లో కేంబ్రిడ్జి పరిశోధకులు దాదాపు నాలుగో వంతు ల్యాబ్రడార్లలో ఆకలి తీరకుండా చేసే జన్యు మార్పును కనుక్కున్నారు.

ఎంత పెద్దదవుతుందో తెలియడానికి పంజాల సైజు చూడొద్దు. నాలుగు నెలలు నిండిన రోజు తూకం వేయండి. కుక్కను ఎత్తుకుని మిషన్ మీద నిలబడి, అందులోంచి మీ బరువు తీసేయండి. దాన్ని రెట్టింపు చేస్తే మధ్యరకం కుక్కల్లో పెద్దయ్యాక ఎంతుంటుందో ఇంచుమించుగా తేలుతుంది. మల్లి ఆ రోజు ఎనిమిది కిలోలు తూగింది. అప్పుడే లెక్క వేసుకుని ఉంటే ల్యాబ్ గురించిన ఆశ అక్కడితో తీరిపోయేది. వయసు విషయంలోనూ అమ్మేవాళ్ల మాట నమ్మకండి, పెదవి ఎత్తి చూడండి. ముందరి చిన్న పళ్లు మూడు, ఐదు నెలల మధ్య ఊడి కొత్తవి వస్తాయి. కోరలు ఆరో నెలకల్లా మారతాయి.

ఇక స్వభావం. "షెపర్డ్ క్రాస్ అయితే కాపలా కాస్తుంది, ల్యాబ్ క్రాస్ అయితే పిల్లల్ని కరవదు" అని నమ్మి కుక్కను తెచ్చుకునేవాళ్లను చూస్తే నాకు టెన్షన్. 2022లో సైన్స్ పత్రికలో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. 18 వేలకు పైగా కుక్కల గురించి యజమానులను అడిగి, రెండు వేలకు పైగా కుక్కల డీఎన్‌ఏ కూడా చూశారు. కుక్కకూ కుక్కకూ ప్రవర్తనలో ఉండే తేడాలో జాతి వల్ల వచ్చేది 9 శాతం దగ్గరే. కాబట్టి జాతిని కాదు, ఎదురుగా ఉన్న కుక్కను చూడండి. కుక్కర్ విజిల్‌కు ఉలిక్కిపడ్డాక ఎంతసేపట్లో సర్దుకుంటుంది? గిన్నె దగ్గరికి మనిషి వస్తే బిగుసుకుపోతుందా? చీపురు ఎత్తితే ఏం చేస్తుంది? పాలబ్బాయి గేటు తీస్తే ముందుకొస్తుందా, వెనక్కి పోతుందా? కొత్త ఇంట్లో మొదటి మూడు రోజుల తీరును లెక్కలోకి తీసుకోకండి, రెండు మూడు వారాలు రాసిపెట్టుకోండి. మూడో వారం నుంచి పద్నాలుగో వారం వరకు పిల్ల ఎవరిని చూసింది, ఏ చప్పుళ్లు విన్నది అన్నది చాలా పని చేస్తుంది. టీకాలు పూర్తికాని పిల్లను నేల మీద దింపకుండా ఎత్తుకుని బజారు చూపించండి.

డీఎన్‌ఏ పరీక్ష చేయించాలనుకుంటే చేయించండి, తప్పేమీ లేదు. బుగ్గ లోపల పుల్లతో రుద్ది పంపాలి. తిండి పెట్టిన వెంటనే తీయకండి, ఇంకో కుక్క నాకిన పుల్ల వాడకండి. డబ్బు కట్టేముందు మాత్రం వాళ్ల దగ్గర దక్షిణాసియా ఊర కుక్కల నమూనాలు ఉన్నాయో లేవో అడగండి. లేకపోతే మీ నాటు కుక్కను తమకు తెలిసిన జాతుల్లోనే సర్దేసి, సంబంధం లేని నాలుగు పేర్లు, శాతాలు రాసి పంపుతారు. జాతుల చిట్టా కంటే ఎండీఆర్1 లాంటి ఆరోగ్య ఫలితాలిచ్చే పరీక్షకు పెట్టిన డబ్బే ఉపయోగం.

వంశం నిజంగా ముఖ్యమయ్యేది పిల్లల్ని పెట్టించేవాళ్లకు. మా అమ్మమ్మగారి ఊరు కైకలూరు దగ్గర. కొల్లేరు పక్కన బాతుల మందలు తోలేవాళ్ల వెంట జోనంగి అనే మన నాటు జాతి కుక్కలుండేవి. సన్నటి నున్నని ఒళ్లు, నుదుటి మీద ముడతలు. మందలోంచి తప్పిన బాతును పంటి గాటు పడకుండా మళ్లించుకొచ్చేవి. చేపల చెరువులు పెరిగాక ఆ పనీ తగ్గింది, ఆ కుక్కలూ తగ్గాయి. మీ ఇంట్లో అసలైన జోనంగి ఉంటే దాని తల్లి ఎవరో, తండ్రి ఎవరో రాసిపెట్టండి. ఆ వివరం పోతే మళ్లీ దొరకదు.

మిగతా మనందరికీ ఒక చీటీ చాలు. డాక్టరు కార్డులో జాతి అన్నచోట మన కుక్కలకు "నాన్ డిస్క్రిప్ట్" (ఫలానా జాతి అని చెప్పలేనిది) అని రాస్తారు, రాయనివ్వండి. దాని కిందే మీ చేత్తో ఇంకో రెండు లైన్లు రాయండి. బుడ్డోడి కార్డులో నేను రాసింది ఇది: పొట్టి కాళ్లు, నడుములో డిస్కు జారింది, నడుము కింద చెయ్యి వేయకుండా ఎత్తవద్దు.