పెళ్లి కార్డుల ప్రెస్సులో స్టిక్కీ నోట్స్ వాడకం

విజయవాడ గవర్నర్‌పేటలోని ఒక చిన్న ప్రెస్సులో నేను డీటీపీ, అంటే అచ్చుకు వెళ్లే పేజీని కంప్యూటరులో కూర్చే పని చూస్తాను. శ్రావణమో మాఘమో వచ్చిందంటే ఒక్కరోజులోనే పది పన్నెండు శుభలేఖల వివరాలు చేతికి అందుతాయి. కొన్ని కాగితం మీద, కొన్ని వాట్సాప్‌లో, మిగిలినవి ఫోనులో నోటిమాటగా వస్తాయి. కొన్నేళ్ల కిందట పెళ్లివారు ఫోనులో చెప్పిన ముహూర్తాన్ని చిట్టీ మీద “గురువారం రాత్రి 2.14” అని రాసి మానిటరుకు అతికించాను. అర్ధరాత్రి దాటినా సూర్యోదయం వరకు మన పంచాంగం ముందు రోజు కిందే లెక్కిస్తుంది కనుక, దాన్ని “తెల్లవారితే శుక్రవారం” అని పూర్తిగా రాసుకోవలసింది. అలా రాయనందువల్ల తేదీ తప్పు పడింది, 300 కార్డులు మళ్లీ వేయవలసి వచ్చింది. ఆ తర్వాతే చిట్టీలు మాని, విండోస్‌తోపాటు వచ్చే, తెర మీదే చిట్టీల్లా రాసుకునే స్టిక్కీ నోట్స్ ప్రోగ్రామును శ్రద్ధగా వాడటం నేర్చుకున్నాను. ఇక్కడ చెప్పే పద్ధతి విండోస్ 10, 11లలోని ప్రోగ్రాముకు వర్తిస్తుంది.

స్టార్ట్ మెనూ తెరిచి స్టిక్కీ నోట్స్ అని టైపు చేస్తే ప్రోగ్రాము కనిపిస్తుంది. తెరవగానే ఒక నోటు వస్తుంది. మరొకటి కావాలంటే నోటుకు ఎడమవైపు పైన ఉన్న ప్లస్ గుర్తును నొక్కాలి, లేదా కంట్రోల్, ఎన్ మీటలను కలిపి నొక్కాలి. రాసినది ఎప్పటికప్పుడు దానంతట అదే భద్రమవుతుంది కనుక సేవ్ చేయడమనే పని లేదు. కొత్తవారు తరచుగా పొరబడేది కుడివైపున ఉన్న ఇంటూ గుర్తు దగ్గర. దాన్ని నొక్కితే నోటు తెర మీది నుంచి తప్పుకుంటుందే గాని చెరిగిపోదు. మూడు చుక్కల మెనూ నుంచి నోట్స్ జాబితాను తెరిస్తే అక్కడ భద్రంగా ఉంటుంది. పూర్తిగా తీసివేయాలంటే అదే మెనూలోని డిలీట్‌ను ఎంచుకోవాలి. తీసివేసే ముందు ఒకసారి అడిగే ఏర్పాటు సెట్టింగ్స్‌లో ఉంది. హడావుడిలో చెయ్యి జారడం సహజం కనుక దాన్ని ఎప్పుడూ ఆపివేయవద్దు.

ఒక నోటులో ఒకే ఆర్డరు ఉండాలి. మొదటి వరుసలో ఆర్డరు నంబరు, దాని కింద వధూవరుల పేర్లు, ముహూర్తం, కార్డుల సంఖ్య, అందజేయవలసిన తేదీ రాయండి. జాబితా పైన ఉండే వెతుకులాట పెట్టెలో పేరుతో వెతికితే ఒక్కోసారి నోటు దొరకదు, ఎందుకంటే ఒకసారి శ్రీనివాస్ అనీ మరోసారి శ్రీనివాసు అనీ రాస్తాము. నంబరుతో ఆ చిక్కు లేదు. చేయవలసిన పనులను చుక్కల జాబితాగా పెట్టుకోవడానికి కంట్రోల్, షిఫ్ట్, ఎల్ మీటలు, పూర్తయిన పని మీద గీత కొట్టడానికి కంట్రోల్, టీ మీటలు పనికివస్తాయి. గీత కొట్టిన వరుసను వెంటనే చెరిపివేయకండి. ప్రూఫు, అంటే అచ్చుకు ముందు సరిచూసుకునే నమూనా, ఇచ్చామా లేదా అని యజమాని అడిగినప్పుడు ఆ గీతే సమాధానం చెబుతుంది.

రంగుల విషయంలో కొంత ఆలోచన అవసరం. మూడు చుక్కల మెనూలో పసుపు, ఆకుపచ్చ, గులాబి, ఊదా, నీలం, బూడిద, ముదురు బూడిద అని ఏడు రంగులు కనిపిస్తాయి. మొదట్లో నేను తొందర పనులకు గులాబి రంగు పెట్టాను. సీజనులో ప్రతి పనీ తొందరే కనుక నాలుగు రోజుల్లో తెరంతా గులాబిమయమైంది, రంగుకు అర్థం లేకుండా పోయింది. ఇప్పుడు పని ఎవరి చేతిలో ఆగి ఉందో చెప్పడానికే రంగును వాడుతున్నాను. పెళ్లివారు ప్రూఫు చూసి సరేనని చెప్పవలసినవి పసుపు, నేను కంపోజ్ చేయవలసినవి గులాబి, మెషీను మీదనో కటింగులోనో ఉన్నవి ఆకుపచ్చ, కార్డులు వెళ్లి డబ్బు రావలసినవి నీలం. పొద్దున వచ్చి తెర చూడగానే ఎవరికి ఫోను చేయాలో, ఏది ముందు కూర్చుని చేయాలో తెలిసిపోతుంది. నాలుగు రంగులకు మించితే మనసుకు పట్టవని నా అనుభవం.

మన ప్రెస్సుల్లో మరొక ఇబ్బంది ఉంది. పేజీలు కూర్చే పేజీమేకర్ ప్రోగ్రాములో ‘అను’ అనే తెలుగు ఫాంట్లతో కంపోజ్ చేసిన మాటలను కాపీ చేసి నోటులో అతికిస్తే తెలుగు రాదు, అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వస్తాయి. ఆ ఫాంట్లు యూనికోడ్ పద్ధతిలో, అంటే ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ అక్షరాలను ఒకేలా గుర్తించే పద్ధతిలో లేవు, ఇక్కడేమో నోటుకు ఫాంటు మార్చే వీలు లేదు. అందువల్ల నోటులో నేరుగా యూనికోడ్ తెలుగులోనే టైపు చేయాలి. విండోస్ సెట్టింగ్స్‌లోని భాషల విభాగంలో తెలుగును చేర్చి, దాని ఐచ్ఛికాలలో తెలుగు ఫొనెటిక్ కీబోర్డును ఎంచుకుంటే, ఇంగ్లీషు అక్షరాలు కొడుతుండగానే తెలుగు మాటలు వస్తాయి. 2019 మే నెల విండోస్ 10 అప్‌డేట్ నుంచి ఇది ఉంది. విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది. నోటులోని యూనికోడ్ మాటలను తిరిగి పేజీమేకర్‌లోకి నేరుగా అతికించినా చెల్లదు. యూనికోడ్‌ను అను ఫాంటుకు మార్చే కన్వర్టరు ద్వారా మార్చుకోవాలి, మార్చాక ఒత్తులను ఒకసారి కళ్లతో సరిచూసుకోవాలి.

అక్షరాల పరిమాణాన్ని నోటులో విడిగా పెంచలేము. విండోస్ సెట్టింగ్స్‌లో టెక్స్ట్ సైజును పెంచితే మిగతా ప్రోగ్రాములతోపాటు ఇక్కడా పెరుగుతుంది. పేజీమేకర్ తెరిచినప్పుడు నోటు దాని వెనక్కి పోకుండా ఉండాలంటే మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్ అనే అదనపు ప్రోగ్రామును ఇన్‌స్టాల్ చేసి, నోటు మీద క్లిక్ చేసి విండోస్, కంట్రోల్, టీ మీటలను నొక్కండి. ముహూర్తం, పేర్లు టైపు చేస్తున్నంతసేపు అసలు వివరం కళ్ల ముందే ఉంటుంది. తప్పులు తగ్గడానికి నాకు అన్నిటికంటే ఎక్కువ తోడ్పడినది ఇదే. కంప్యూటరు వేయగానే నోట్స్ వాటంతట అవే రావాలంటే, విండోస్, ఆర్ మీటలు నొక్కి షెల్ కోలన్ స్టార్టప్ అని ఇంగ్లీషులో, ఖాళీ లేకుండా, కోలన్‌కు దాని గుర్తే వాడి కొడితే తెరుచుకునే ఫోల్డరులో ఈ ప్రోగ్రాము షార్ట్‌కట్‌ను ఉంచాలి.

నోటుకు తాళం ఉండదు. కౌంటరు ముందు నిలబడినవారికి తెర కనిపించే చోట బ్యాంకు పాస్‌వర్డులను, ఓటీపీలను ఇందులో రాయవద్దు.

చివరిగా, భద్రపరచడం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు, అక్కడి మిత్రుని కొట్టులో కంప్యూటరు నీళ్లలో ఉండిపోయింది; యంత్రం కన్నా అందులోని ఆర్డర్ల వివరాలు పోయినందుకే ఆయన ఎక్కువ బాధపడ్డారు. సెట్టింగ్స్‌లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో సైన్ ఇన్ అయితే నోట్స్ ఆన్‌లైనులోనూ ఉంటాయి, ఫోనులో వన్‌నోట్ యాప్‌లోనూ చదువుకోవచ్చు. పొరపాటున తీసివేసిన నోటు కోసం అదే ఖాతా ఔట్‌లుక్ మెయిల్‌లో తొలగించిన అంశాల ఫోల్డరును వెంటనే చూడాలి. ఖాతా వద్దనుకునేవారు యాప్‌డేటా, లోకల్, ప్యాకేజెస్ అనే ఫోల్డర్ల వరుసలో స్టిక్కీ నోట్స్ పేరున్న ఫోల్డరును తెరిచి, ప్రోగ్రామును మూసివేసిన తర్వాత, లోకల్‌స్టేట్ అనే ఫోల్డరును మొత్తంగా పెన్ డ్రైవులోకి కాపీ చేసుకోవాలి. నోట్స్ అన్నీ అందులోని ప్లమ్ అనే డేటాబేసు ఫైలులో ఉంటాయి గాని, దాని పక్కన అదే పేరుతో ఉండే చిన్న ఫైళ్లలో కొన్ని తాజా మార్పులు మిగిలి ఉండవచ్చు. ఆ పెన్ డ్రైవును కంప్యూటరు దగ్గరే ఉంచక, రోజూ ఇంటికి తీసుకువెళ్లండి.