వానరోజు వైజాగ్‌లో మార్కెట్, మ్యూజియాలు ఎలా చూడాలి?

వాన మొదలవగానే చుట్టాలను మాల్‌కి తీసుకెళ్లేవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. అల్పపీడనం పట్టిన రోజైనా వైజాగ్‌లో హాయిగా తిరగొచ్చు. వరస తెలియాలి, అంతే.

కావాల్సినవి: రెయిన్‌కోటు, వెనక పట్టీ ఉన్న చెప్పులు, పాత తువ్వాలు, రెండు ప్లాస్టిక్ కవర్లు, చిల్లర. గొడుగు వద్దు. మార్కెట్ సందుల్లో పక్కవాళ్ల కళ్లలో పొడుస్తుంది, బీచ్ రోడ్డు గాలికి తిరగబడిపోతుంది. సోమవారం అసలే వద్దు, ఆ రోజు కుర్సురా జలాంతర్గామి మ్యూజియం మూసేస్తారు.

పొద్దున్నే పూర్ణా మార్కెట్‌కి వెళ్లండి. కూరగాయలు, పళ్లు, పూలు, పూజ సామాను చూస్తూ నడవండి. బస్తా మోసుకొస్తున్న కూలీకి ముందు దారివ్వాలి. బరువైనవేవీ కొనకూడదు. మార్కెట్ సాయంత్రం చూద్దామంటారు కొందరు, అది తప్పు. అప్పటికి సందులు బురద బురద అయిపోతాయి, మీ కాళ్లూ లాగేస్తుంటాయి.

అక్కణ్ణుంచి ఆటోలో బీచ్ రోడ్డు మీది విశాఖ మ్యూజియానికి. పాత డచ్చి బంగళా అది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఈ ఊరి మీద బాంబులు వేశాయి. పేలకుండా మిగిలిన ఆ నాటి బాంబు ఒకటి ఇక్కడుంది. దాని ముందు కాసేపు నిలబడకుండా రావొద్దు.

ఇక జాగ్రత్తంతా కుర్సురా జలాంతర్గామి దగ్గరే. సోవియట్ యూనియన్‌లో తయారై 1969లో మన నౌకాదళంలో చేరింది, 2001 దాకా పనిచేసింది. పొడవు 91 మీటర్ల పైనే, లోపల మాత్రం ఒకరి వెనక ఒకరు నడవాల్సిందే. ఏడు గదులు. గదికీ గదికీ మధ్య గుండ్రటి ఇనప ద్వారం. వానరోజు జనం దెబ్బలు తగిలించుకునేది అక్కడే.

లోపలికి వెళ్లేముందే రెయిన్‌కోటు విప్పి, విదిలించి కవర్లో పెట్టండి. చెప్పుల అడుగులు తువ్వాలుతో తుడవండి. ఒక్క నిమిషం పని, ఎవరూ చేయరు. తడి చెప్పు ఇనుము మీద జర్రున జారుతుంది.

ద్వారంలోకి ముందు తల పెట్టకండి. అంచు రెండు చేతులతో పట్టుకుని, ఒక కాలు అవతల గట్టిగా ఆనిన తర్వాత నడుం వంచి, తల దించి దాటండి. రెండో కాలు ఆఖర్న. మా బావ తల ముందు దూర్చాడు, కాలు జారి నుదురు బొప్పి కట్టింది. ఆ పూటంతా ఆయన చూసింది ఐసుముక్కనే. పిల్లల్ని ఎత్తుకుని దాటొద్దు. పెద్దవాళ్లు ఒకరు ముందు దాటి అవతలి నుంచి చెయ్యి అందించాలి.

ఎప్పుడూ గుంపులో ఆఖరున నడవండి. వెనక నుంచి తోసేవాళ్లుండరు, టార్పెడోల గది తీరిగ్గా చూడొచ్చు, గైడ్‌ని నాలుగు ప్రశ్నలు అడగొచ్చు. 1971 యుద్ధంలో ఇది అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది. ఆ సంగతి ఆ ఇరుకులో నిలబడి వింటే ఒళ్లు జలదరిస్తుంది.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను ఇందులోకి లాగకండి. రోడ్డు దాటితే టీయూ-142 విమానం మ్యూజియం ఉంది, వాళ్లను అక్కడ కూర్చోబెట్టండి. మీరూ అక్కడికే వెళ్లి, వాన తెరిపిచ్చాక అందరూ కలిసి బీచ్‌లో వేడి మొక్కజొన్న పొత్తులు తినండి.